ఆరాధనమా? ఆడంబరమా?

పుష్య బహుళ పంచమి సమీపించినదనఁగానే సంగీతసభలలో సందడి మొదలగును. 1847వ సంవత్సరము జనవరి 6వ తేదీన, ఆ తిథినాఁడే, కావేరీతీరమునందలి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సిద్ధిపొందెను. తత్స్మరణార్థము ఏఁటేఁట నచ్చట సమాధిమందిరముచెంత గాయనీగాయకులు వందలకొలఁది నేలపైఁ గూర్చుండి, ఘనరాగపంచరత్నములను ఏకకంఠముగాఁ బాడుదురు. మన తెలుఁగుపట్టణములందును ఇట్టి యారాధనలు జరుగుచున్నవి. సముద్రముల కావల, అమెరికాలోని క్లీవ్‌లండునందు సయితము 1978వ సంవత్సరము మొదలుకొని త్యాగరాజోత్సవము నడచుచున్నది.

ఉత్సవములు పెరిగినకొలఁది వానితోపాటు ఒక తగవును పెరిగినది. సంవత్సరమంతయు తంబుర విడువక సాధనచేసి పంచమికొఱకు ఎదురుచూచువారు కొందఱు. ఆనాఁడు మాత్రము క్రొత్తపట్టుచీర కట్టి, వేదికపై స్థలము సంపాదించి, సెల్లుఫోనులలో ఛాయాచిత్రములు తీయించుకొని, అయిదవ కృతి ముగియకమున్నే లేచిపోవువారు కొందఱు. మొదటివారు రెండవవారిని జూచి, "వీరికి కృతి రాదు, తాళము రాదు, వచ్చినది అలంకారమొక్కటే" యని పెదవి విఱుతురు. రెండవవారు, "ఉత్సవము అందఱిది; మీ యొక్కరి సొమ్మా?" యని యెదురాడుదురు. ఈ రెండు మాటలను మేము సభలలో పలుమాఱు వినియున్నాము. రెంటిని తూఁచి చూడవలసియున్నది.

సాధకుల మాటలో న్యాయము లేకపోలేదు. పంచరత్నములు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగములలోని పెద్ద కృతులు. ఒక్కొక్కదానిలో స్వరము, దానికి సరిపడు సాహిత్యము, చరణములు పెక్కు కలవు. వందమంది కలసి పాడునపుడు తాళము తప్పిన గొంతులు నాలుగున్నను ప్రక్కవారి పాట చెడును. రానిది పాడకుండుట అవమానము కాదు. చెవియొగ్గి వినుటయు నారాధనమే. స్వామివారు రాజాస్థానపు పిలుపును కాదని ఉంఛవృత్తితో జీవించిరని పెద్దలు చెప్పుదురు. నేఁటికిని ఆరాధననాఁటి యుదయమున తిరువయ్యారులో ఆయన యింటినుండి సమాధివఱకు ఉంఛవృత్తి భజన సాగును. అట్టివాని పేర జరుగు సభలో ముందువరుసకై త్రోసికొనుట ఎవ్వరికిని శోభ కాదు.

అయినను, "నిజమైన భక్తులము మేమే" యని గిరి గీసికొని తక్కినవారిని వెలుపల నుంచుటయు ప్రమాదమే. ఈ యారాధన చరిత్రమే దానికి సాక్షి. ఇరువదవ శతాబ్దారంభమున ఆరాధన జరుపువారు పెద్ద కక్షి, చిన్న కక్షి యని రెండు పక్షములుగాఁ జీలిరి. ఉభయపక్షములందును గొప్ప విద్వాంసులుండిరి. కాని స్త్రీలు సమాధిసన్నిధిని పాడరాదనుటలో మాత్రము ఉభయులకు నేకాభిప్రాయమే!

ఆ కాలముననే బెంగుళూరు నాగరత్నమ్మగారు అచ్చటికి వచ్చిరి. ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడున దేవదాసీకుటుంబమునఁ బుట్టి, సంస్కృతాంధ్రకర్ణాటభాషలు నేర్చి, మద్రాసున గాయనిగాఁ బేరెన్నికఁ గన్నది. ముద్దుపళని కావ్యమును 1910లో పరిష్కరించి ప్రకటింపించిన విదుషీమణియు నామెయే. స్వామివారి సమాధి ఆలనాపాలనా లేక యున్నదని యెఱింగి, తాను పాడి యార్జించిన ధనముతో 1920 దశకమున నచ్చట స్థలమును గొని మందిరమును గట్టించి విగ్రహప్రతిష్ఠ చేయించెను. అంత చేసినను ఆరాధననాఁడు ఆ మందిరమున నామెకుఁ బాడు హక్కు లేకపోయెను! ఆమె కలఁత చెంది వెడలిపోలేదు. 1927లో స్త్రీలను గూర్చుకొని మూఁడవ పక్షముగా వేఱుగ నారాధన మారంభించెను. 1940 ప్రాంతమున మూఁడు పక్షములు నేకమై, స్త్రీపురుషులు కలసి పాడు నేఁటి పద్ధతి స్థిరపడినది. తన యాస్తిని ఆ కైంకర్యమునకే వ్రాసియిచ్చి, 1952లో ఆమె కన్నుమూసెను. స్వామిసమాధి కెదురుగా నామె స్మారకము నేఁటికిని జూపట్టుచున్నది.

సోదరీమణులారా! ఆనాఁడు లోపల నున్నవారు తామే యోగ్యులమనిరి. వెలుపల నిలువఁబడిన స్త్రీ గుడి కట్టినది. కాఁబట్టి చీరను జూచియో, కులమును జూచియో, గొంతును జూచియో ఒకరి భక్తిని కొలువఁబూనినచో కొలత తప్పును. నాగరత్నమ్మగారి భక్తి పంచమినాఁటి పాటలో కంటె, తక్కిన దినములలో నామె పడిన పాటులో కానవచ్చుచున్నది.

ఇంతకును ఈ తగవునకు స్వామివారే తీర్పు చెప్పియున్నారు. పంచరత్నములలో రెండవది గౌళరాగమునందలి 'దుడుకుగల' యను కృతి. అందు ఆయన నేరములను వరుసగాఁ జెప్పుకొనును. రాగతాళముల గుట్టెఱుఁగక, కరఁగని గుండెతో నుండియు, నేనును భక్తకోటిలోనివాఁడనే యని మురియుట వానిలో నొకటి. ఇది వేడుకకు వచ్చువారికిఁ దగులును. ధనమున కాసపడి, పరుల మనస్సు మెత్తఁబడునట్లు మాటలాడి పొట్టపోసికొనుట మఱియొకటి. ఇది విద్వాంసులకుఁ దగులును. కాని యా మహానుభావుఁడు వీనిని "నీ తప్పులు" అనలేదు. "నా తప్పులు" అనెను. వందలమంది ఏకకంఠముగా ఆ కృతిని పాడునపుడు ప్రతివారును తమ నేరమును దామే చెప్పుకొనుచున్నారు. అట్టి పాట పాడుచు ప్రక్కనున్న యామె తాళము తప్పినదని ముఖము చిట్లించుట యెంత వింత!

ఈ యర్థము తెలియుటకు మనకుఁ గల సౌకర్యము ఇతరులకు లేదు. పంచరత్నములలో మొదటి 'జగదానందకారక' సంస్కృతము. తక్కిన నాలుగును తెలుఁగే. తమిళసోదరీమణులు అక్షరమక్షరము తమ లిపిలో వ్రాసికొని ప్రయాసపడి మన మాటలను నేర్చుచున్నారు. తెలుఁగింటఁ బుట్టిన మనము ఆ మాటల భావమును దెలిసికొనకుండుట న్యాయమా?

కాఁబట్టి ఈ సంవత్సరము ఇట్లు చేసి చూడుఁడు. అయిదింటిలో నొక్క కృతిని బూనుఁడు. వారమున కొక చరణము చొప్పున భావమును బిడ్డలతోఁ గూడఁ జదువుఁడు, పిదపఁ బాటను వినుఁడు, నేర్వఁగలవారు నేర్వుఁడు. నేర్చువఱకు వేదిక క్రిందఁ గూర్చుండి, మంగళము పాడువఱకుఁ గదలక వినుఁడు. పట్టుచీర కట్టుటలో దోషము లేదు. పండుగకు కట్టక మఱెప్పుడు కట్టుదుము? సంగీతము వచ్చినవారు, పంచమినాఁడు తమ ప్రక్కకు వచ్చి కూర్చున్న క్రొత్త యిల్లాలిని చులకన చేయక, మఱునాఁడు తమ యింటికిఁ బిలిచి ఒక చరణము నేర్పవలయును. వేడుకకై వచ్చినయామె వచ్చు సంవత్సరము పాటకై వచ్చును. ఆనాఁడు సభలో శ్రుతి కలిసిన గొంతు మఱియొకటి పెరుగును.