అమ్మ ‘ఇంటికి పోతా’ అంటే



మనం రియాద్, జెడ్డా, దమ్మామ్‌లలో ఉద్యోగాల్లో ఉంటే, పెద్దవాళ్లు అక్కడ ఊళ్లో ఉంటున్నారు. డిమెన్షియా ఉన్నవారిని కొందరు పగటిపూట డే కేర్‌లో ఉంచుతున్నారు. ‘మీ అమ్మగారు ఇవాళ గొడవ చేశారు’ అని ఫోన్ వస్తుంది. చాలాసార్లు అది గొడవ కాదు, ఒత్తిడి.

మాట తడబడేవారు ‘భయంగా ఉంది’, ‘మోకాలు నొప్పి’ అని చెప్పలేరు. అటూ ఇటూ తిరగడం, కొంగు పిసకడం, కంచం నెట్టేయడం, అడిగిందే అడగడం, ఇవే వారి మాటలు. వెనుక ఆకలి, మలబద్ధకం, టీవీ హోరు, కొత్త ముఖం, ఇలాంటిదేదో ఉంటుంది. సాయంత్రం పూట ఇది పెరగడం మామూలే.

మా నాయనమ్మ రోజూ నాలుగింటికి ‘ఇంటికి పోతా’ అని ఏడ్చేది. ప్రోగ్రాంలో తప్పు వెతకడానికి మేం లాగ్ చూస్తాం కదా, అలాగే అక్కడి ఆయమ్మను రాయమన్నాను: ఎప్పుడు, అంతకుముందు ఏం జరిగింది, ఏం చేస్తే తగ్గింది. వారంలో తెలిసింది, ఆమె కాఫీ వేళ మూడున్నర. అక్కడ ఇచ్చేది నాలుగున్నరకు!

కాబట్టి వాదించకండి. పక్కన కూర్చుని ఆ ఇంటి కబుర్లు అడగమనండి. ఆమెను ఏమని పిలవాలో, ఇష్టమైన కీర్తన ఏదో, పూజ వేళ ఎప్పుడో కాగితం మీద రాసి పంపండి.

ఒకటి రెండు రోజుల్లోనే మనిషి బాగా మారిపోతే మాత్రం ఇన్‌ఫెక్షన్ కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. 1992లో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లో శాఖ ఉంది, సలహా అడగవచ్చు.

ఈ వారం ఫోన్ చేసినప్పుడు ‘ఏం చేసింది?’ అని కాక, ‘అంతకుముందు ఏం జరిగింది?’ అని అడగండి.