మైలుకో చిన్నారి!

పరుగు పందెం కాదు... ఊరేగింపూ కాదు. ఉత్త నడక! కానీ ఆ నడక కోసం ఏటా శరత్కాలంలో ఓ ఆదివారం అమెరికాలోని బోస్టన్ నగరంలో వేలమంది రోడ్డెక్కుతారు. దాని పేరు వెనక, 1948లో ఆస్పత్రి మంచం మీదున్న ఓ పన్నెండేళ్ల పిల్లాడి కథ ఉంది. ఆ కథలో మన భీమవరానికీ చోటుంది.

హాప్కింటన్ అనే చిన్న ఊరి నుంచి బోస్టన్ దాకా 26.2 మైళ్లు. అంటే దాదాపు 42 కిలోమీటర్లు. పేరున్న బోస్టన్ మారథాన్ జరిగేది ఆ దారిలోనే. 1989 నుంచి 'జిమ్మీ ఫండ్ వాక్' కూడా అక్కడే. అంత దూరం నడవలేనివాళ్లకు తక్కువ దూరాలూ ఉంటాయి. నడిచేవాళ్లు బంధువులనీ ఇరుగుపొరుగునీ తోటి ఉద్యోగులనీ అడిగి విరాళాలు పోగుచేస్తారు. ఆ డబ్బు డేనా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో వైద్యానికీ పరిశోధనకీ వెళుతుంది.

సగం దూరం వెళ్లేసరికే కాళ్లు పీకేస్తాయి కదా! అప్పుడు ముందుకు నడిపించేది దారి పక్కనుండే ఫొటోలు. మైలుమైలుకీ ఒక రోగి నవ్వుతూ పలకరిస్తుంటారు. అందులో బ్లడ్ క్యాన్సర్‌తో పోరాడుతున్న చిన్నారులూ ఉంటారు. వాళ్ల అమ్మానాన్నలూ డాక్టర్లూ నర్సులూ కూడా జనంతో కలిసి నడుస్తారు.

ఎవరీ జిమ్మీ?

అసలు పేరు ఐనర్ గుస్టాఫ్‌సన్. మెయిన్ రాష్ట్రంలో ఓ రైతు కొడుకు. పేగుల్లో లింఫోమా వచ్చింది. అదీ బ్లడ్ క్యాన్సర్ల కోవలోదే. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దగ్గర చేరాడు. పరిశోధనకు డబ్బు కావాలి. జనాన్ని అడగాలంటే వాళ్లకో పిల్లాడి గొంతు వినిపించాలి. కానీ పేరు బయటపడకూడదు. అందుకే ఐనర్ 'జిమ్మీ' అయ్యాడు.

1948 మే 22న ఓ రేడియో కార్యక్రమంలో దేశమంతా ఆ గొంతు విన్నది. నీకిష్టమైన బేస్‌బాల్ ఆటగాళ్లెవరని అడిగితే, బోస్టన్ బ్రేవ్స్ జట్టువాళ్ల పేర్లు చెప్పాడు. చెప్పినవాళ్లు చెప్పినట్టే గదిలోకి వచ్చేశారు! 20 వేల డాలర్లు పోగైతే ఆటలు చూసుకోవడానికి జిమ్మీకి ఓ టీవీ ఇస్తామన్నారు. వచ్చింది 2 లక్షల డాలర్లకు పైనే. టీవీ కూడా వచ్చింది.

తర్వాత జిమ్మీ ఏమయ్యాడో జనానికి తెలియదు. చనిపోయే ఉంటాడని చాలామంది అనుకున్నారు. సరిగ్గా యాభై ఏళ్లకు, 1998లో, 'ఆ జిమ్మీని నేనే' అంటూ ఐనర్ లోకం ముందుకొచ్చాడు. లారీ డ్రైవరుగా పనిచేసి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని నిండుగా బతికాడు. 2001లో 65వ ఏట కన్నుమూశాడు.

భీమవరం బిడ్డ మందు

ఆ రోజుల్లో పిల్లలకు లుకేమియా వచ్చిందంటే ఆశ వదులుకోవడమే. ఆ చీకట్లో తొలి వెలుగు అమినోప్టెరిన్ అనే మందు. దాన్ని తయారుచేసింది లెడర్లీ ప్రయోగశాలలో యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం. 1895లో భీమవరంలో పుట్టిన తెలుగువాడాయన. ఫార్బర్ ఆ మందును 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి వైద్యలోకానికి తెలిసింది. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా రకం సంపన్న దేశాల్లో నూటికి దాదాపు 90 మందికి నయమవుతోంది.

దాస్తే ఎవరొస్తారు?

ఒకప్పుడు పేరు మార్చుకోవాల్సొచ్చిన చోటే, నేడు చిన్నారుల ఫొటోలు రోడ్డు పక్కన తలెత్తుకుని నిలబడుతున్నాయి. మార్పంటే అదే. మన ఇళ్లలో మాత్రం క్యాన్సర్ అన్న మాట ఇప్పటికీ గుసగుసే. పెళ్లి సంబంధాలు చెడతాయనీ, నలుగురూ ఏమనుకుంటారోననీ దాచేస్తారు. కానీ ఈ జబ్బుకు నలుగురూ కావాలి. చికిత్సలో పదే పదే ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సి వస్తుంది. అవి మామూలుగా ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. మూలకణాల మార్పిడి అవసరమైతే, తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరితో పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. లేదంటే చాలాసార్లు ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని దాత కోసం వెతకాల్సి వస్తుంది. ఆ దాతల పట్టికలో చేరడానికి బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసే నమూనా చాలు.

అడిగే గొంతు ఉంటే ఇచ్చే చేతులు చాలానే ఉంటాయి. పేరైనా చెప్పకుండా జిమ్మీ అడిగాడు. ఊరు ఊరంతా ఇప్పటికీ నడుస్తూనే ఉంది!