ఉడుమూ నేస్తమే... బుల్లి కందిరీగా నేస్తమే!

గట్టు మీద ఉడుము కనబడితే చాలు, కర్ర పట్టుకుని వెంటపడేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అదే చేలో ట్రైకోగ్రామా తిరుగుతుంటే ఎవరి కంటికీ ఆనదు. బాగా ఎదిగిన ఉడుము మూతి నుంచి తోక కొస దాకా ఒకటిన్నర మీటర్లుంటుంది. కందిరీగ జాతికి చెందిన ట్రైకోగ్రామా సుమారు అర మిల్లీమీటరే! మూడు వేల పురుగులను వరసగా పేరిస్తే గానీ ఒక్క ఉడుమంత కావు. అయినా రెండూ రైతు పక్షమే.

ఉడుము చేసే మేలు

పెంకు పురుగులు, మిడతలు, తేళ్లు, గట్లకు బొరియలు పెట్టే పీతలు, ఎలుకలు... దొరికినదల్లా తింటుంది. కోడిగుడ్లు కాజేస్తుందన్నదీ నిజమే. దానికి కోళ్లగూటికి గట్టి తలుపు పెట్టుకోవాలి గానీ ఉడుమును చంపితే ఎలా? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది మొదటి షెడ్యూలు జీవి. మాంసానికో, తోలుకో చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు, పైన జరిమానా.

బుల్లి కందిరీగ పనితనం

ఉడుము పురుగును పట్టి తింటే, ఇది పురుగును పుట్టనే పుట్టనివ్వదు. వరిలో కాండం తొలుచు పురుగు, చెరకులో పీక పురుగు పెట్టిన గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. లోపలి పిల్ల ఆ గుడ్డు సొననే తిని పెరుగుతుంది. గుడ్డు నల్లబడుతుంది. 8-10 రోజుల్లో అందులోంచి పురుగుకు బదులు కందిరీగ బయటికొస్తుంది. తెల్లకంకి కనబడ్డాక ఎంత మందు కొట్టినా లాభం లేదు కదా! అందుకే రెక్కల పురుగులు కనబడగానే ట్రైకో కార్డులు పెట్టాలి. ఒక్కో కార్డు మీద సుమారు 20 వేల గుడ్లుంటాయి.

ఇవి మరవద్దు

* కార్డును ముక్కలు చేసి, ఎండ తగలకుండా ఆకుల అడుగున, సాయంత్రం పూట కట్టాలి.
* కార్డులు పెట్టే ముందూ, పెట్టాక వారం దాకా పురుగుమందు జోలికి పోవద్దు.
* ఎకరాకు ఎన్ని కార్డులు, ఎన్ని దఫాలు అన్నది వ్యవసాయాధికారినడిగి తెలుసుకోవాలి.
* ఎరమందు తిని చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చాలి. వాటిని తింటే ఉడుముకూ ముప్పే.

కార్డు పాడైతే మరో కార్డు తెచ్చుకోవచ్చు. ఉడుమును అమ్మే దుకాణం మాత్రం ఎక్కడా లేదు. ఈసారి గట్టు మీద కనబడితే, కర్ర కింద పడేసి దాని దారిన దాన్ని పోనివ్వండి.