విడాకులకు లాయరు అవసరమా?

భార్యాభర్తలు ఇక కలిసి ఉండలేమన్నప్పుడు మన సంఘాల్లో ముందు వినిపించే మాట, "కోర్టుకెక్కి పరువు తీయకండి" అని. కొరింథీ సంఘానికి పౌలు రాసిన పత్రికను గుర్తు చేస్తారు. పెద్దలు కూర్చుని, స్టాంపు పేపరు మీద ఇద్దరిచేతా సంతకాలు చేయించి, ఎవరి దారి వారిదని పంపేస్తారు. లాయరు ఖర్చు తప్పిందని ఇరువైపులవారూ ఊపిరి పీల్చుకుంటారు.

కానీ చట్టం దృష్టిలో వాళ్లిద్దరూ ఇంకా భార్యాభర్తలే. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ వివాహాన్ని రద్దు చేయగలిగేది కోర్టు ఒక్కటే. చర్చి ట్రిబ్యునల్ ఇచ్చిన రద్దు చెల్లదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. స్టాంపు పేపరును నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే అది నేరమవుతుంది.

కాబట్టి కోర్టు తప్పదు. లాయరు తప్పదా అన్నది వేరే ప్రశ్న. ఫ్యామిలీ కోర్టులో ఎవరి కేసు వారే చెప్పుకోవచ్చు. 1984 చట్టం ప్రకారం అక్కడ లాయరును పెట్టుకోవడం హక్కు కూడా కాదు, జడ్జి అనుమతించాలి. (సాధారణంగా అనుమతిస్తారు.) ఇద్దరూ ఒప్పుకుని, పిల్లలు, ఆస్తి, భరణం విషయంలో పేచీ లేకపోతే 2001లో వచ్చిన 10ఎ సెక్షన్ కింద కలిసి పిటిషన్ వేయవచ్చు. చట్టంలో రాసిన ప్రకారం రెండేళ్లు విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక కనీసం ఆరు నెలలు ఆగాలి. ఇలాంటి కేసులో కూడా పిటిషన్ ఒకసారి లాయరుకు చూపిస్తే మంచిది. సలహా అడిగినంత మాత్రాన కేసు వేసినట్టు కాదు.

కొట్టడం, బెదిరించడం ఉన్నా, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేలకపోయినా, అవతలివారు ఇప్పటికే లాయరును పెట్టుకున్నా ఒంటరిగా వెళ్లకండి. "ఇద్దరికీ మా లాయరే చాలు" అని అత్తింటివారు అంటే అస్సలు ఒప్పుకోవద్దు. ఆ లాయరుకు ఫీజు ఇచ్చేది ఎవరో చూడండి.

డబ్బు లేదని ఆగిపోయే సహోదరీలకు ఒక మాట. 1987 చట్టం కింద స్త్రీకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మనవారిలో చాలామందికి ఎస్సీ సర్టిఫికెట్‌తో ఉన్న చిక్కు తెలిసిందే. ఇక్కడ ఆ కాగితమూ అక్కర్లేదు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సొంతంగా పెట్టుకునేవారు మాత్రం ఫీజు కేసు మొత్తానికా, వాయిదాకు ఇంతా అన్నది వకాలత్ మీద సంతకం పెట్టకముందే అడగండి.