యంత్రాల ఉత్తర ప్రత్యుత్తరాలు

ఇద్దరు మనుష్యులు మాట్లాడుకోవాలంటే ఇద్దరికీ తెలిసిన భాష ఒకటి ఉండాలి. ఈ సంగతి తమిళ, కన్నడ, ఒడియా, మహారాష్ట్ర ప్రాంతాలలో తరతరాలుగా కాపురముంటున్న మనకు ఒకరు చెప్పనక్కరలేదు. బజారులో ఒక భాష, బడిలో ఒక భాష, ఇంట్లో తెలుగు. ఎక్కడి మర్యాద అక్కడ పాటిస్తేనే పని జరుగుతుంది. కంప్యూటర్ల సంగతీ ఇంతే. వేరు వేరు కంపెనీలవారు వేరు వేరు తీరుల తయారుచేసిన యంత్రాలు సమాచారం ఇచ్చిపుచ్చుకోవాలంటే ముందుగా కొన్ని నియమాలకు కట్టుబడి ఉండాలి. ఆ నియమావళినే ప్రోటోకాల్ అంటారు.

1969 అక్టోబరు 29వ తేదీ రాత్రి అమెరికాలో ఆర్పానెట్ అనే వలయం మీద, లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు మొదటి సందేశం పంపబోయారు. పంపదలచినది ‘లాగిన్’ అనే మాట. ఎల్, ఓ అనే రెండక్షరాలు చేరేసరికి యంత్రం ఆగిపోయింది. సుమారు గంటసేపటికి సరిచేసి మళ్ళీ పంపగా మాట పూర్తిగా చేరింది. 1974లో వింటన్ సర్ఫ్, రాబర్ట్ కాన్ అనే శాస్త్రజ్ఞులు ఇటువంటి వేరు వేరు వలయాలను కలిపే పద్ధతిని ప్రకటించారు. దానినుంచి పెరిగిన టీసీపీ, ఐపీ అనే జంట నియమావళులను ఆర్పానెట్ 1983 జనవరి 1వ తేదీన స్వీకరించింది. ఈనాటి ఇంటర్నెట్టుకు పునాది ఇదే.

ఆ పద్ధతి ఎటువంటిదో చూద్దాం. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్ర గ్రంథాలు చాలా ఉన్నాయి. అటువంటి గ్రంథానికి ప్రతి రాయించి దూరదేశానికి పంపాలనుకోండి. ఆకులకు వరుసగా అంకెలు వేసి, ఒక్కొక్కదానిమీద చిరునామా రాసి, ఆ వైపు పోయే బాటసారులకు తలా ఒకటి ఇచ్చామనుకుందాం. ఒకరు పడవ మీద, ఒకరు బండి మీద, ఒకరు కాలినడకన పోతారు. ముందు బయలుదేరిన ఆకు వెనుక చేరవచ్చు. ఒకటి దారిలోనే పోవచ్చు. అందుకొన్నవారు అంకెల ప్రకారం ఆకులు పేర్చుకొని, ‘పన్నెండు దాకా అందినవి, పదమూడో ఆకు కోసం చూస్తున్నాము’ అని జాబు రాస్తారు. మాతృక మన దగ్గరే ఉన్నది గనుక ఆ ఆకు మళ్ళీ రాయించి పంపుతాము. అన్నీ చేరిన తరువాతే దారం గుచ్చడం.

కంప్యూటరు చేసేదీ ఇదే. సందేశాన్ని ప్యాకెట్లు అనే చిన్న చిన్న పొట్లాలుగా విడగొడుతుంది. సాధారణంగా ఒక పొట్లం 1,500 బైట్లకు మించదు. చిరునామా చూసి దారిన పెట్టేది ఐపీ. అంకెలు సరిచూసి, పోయినదానిని మళ్ళీ పంపించేది టీసీపీ. లోపల ఏ భాషలో రాసి ఉన్నదో దారిలోని యంత్రాలకు తెలియనక్కరలేదు.

అయితే చేరడం వేరు, చదవడం వేరు. యంత్రానికి తెలిసినవి అంకెలే. ఏ అక్షరానికి ఏ అంక అనే విషయంలోనూ ఒప్పందం కావాలి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దొరికింది. అందులో ‘అ’ సంఖ్య 3077. యూటీఎఫ్-8 అనే లెక్కన ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మనకు ‘శ్రీ’ ఒక్క అక్షరమే. యంత్రానికి మాత్రం శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం అని నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు.

ఈ ఒప్పందం వాడుకలోకి రాకముందు ఒక్కొక్క ఫాంటు ఒక్కొక్క లెక్కన నడిచేది. ఆ రోజులలో టైపు చేయించి దాచుకొన్న పెళ్ళి పాటలు, వంశవృక్షాలు, సంఘ నివేదికలు ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనబడతాయి. పొట్లాలన్నీ చెక్కుచెదరకుండా చేరినా సందేశం చేరనట్టే.

మన పిల్లలలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో నేర్చేది మరొక లిపి. వారికి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసి పంపుతున్నాము. ఆ రాతలో కలకూ కళకూ భేదం కనబడదు. వారానికొక పంక్తి అయినా తెలుగు లిపిలో రాసి పంపితే వారి కన్ను దానికి అలవాటు పడుతుంది. పాత ఫైళ్ళు దాచుకొన్న సభ్యులు వాటిని యూనికోడులోకి మార్పించుకోవలసిందిగా మా మనవి. ఫాంటు తెలిస్తే మార్చడం సులభం. ఆ పేరు చెప్పగల పెద్దలు మన మధ్య ఉండగానే ఈ పని పూర్తిచేసుకుందాం.