గండుపిల్లి మూత్రం పోయలేక అల్లాడుతోందా? మలబద్ధకం అనుకుంటే ముప్పే.. తెల్లారే వరకూ ఆగొద్దు!

పిల్లి ఇసుక ట్రేలోకి వెళ్తుంది. కూర్చుంటుంది. ముక్కుతుంది. ఏమీ రాదు. బయటికొచ్చి రెండు నిమిషాలు అటూ ఇటూ తిరిగి మళ్లీ అక్కడికే వెళ్తుంది. ఇంట్లోవాళ్లు చూసి, ‘పాపం, దొడ్డికి రావట్లేదేమో’ అనుకుని చెంచాడు ఆముదమో, నెయ్యో పట్టించి పడుకుంటారు. తెల్లారేసరికి అది మంచం కింద ముడుచుకుని పడి ఉంటుంది. పిలిస్తే పలకదు. ఒళ్లు చల్లబడిపోతుంది.

మగ పిల్లులను పెంచేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. అది మలబద్ధకం కాదు.. మూత్రం అడ్డుపడటం. పిల్లులకు వచ్చే జబ్బుల్లో గంటల వ్యవధిలో ప్రాణం మీదికి తెచ్చే వాటిలో ఇదొకటి. అయితే టైమ్‌కి గుర్తించి ఆసుపత్రికి చేరిస్తే చాలా పిల్లులు బతుకుతాయి. అందుకే శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు లాంటి ఊళ్లలో, పెద్ద పెట్ క్లినిక్ పక్క వీధిలో లేని చోట ఉండేవాళ్లకు ఈ విషయం ముందే తెలిసి ఉండాలి.

అసలేం జరుగుతుంది?

కిడ్నీల్లో తయారైన మూత్రం మూత్రాశయంలోకి చేరుతుంది. అక్కడి నుంచి ఓ సన్నని గొట్టం ద్వారా బయటికి వస్తుంది. ఆడ పిల్లిలో ఈ గొట్టం పొట్టిగా, కాస్త వెడల్పుగా ఉంటుంది. మగ పిల్లిలో పొడుగ్గా ఉండి, చివరికి వచ్చేకొద్దీ బాగా సన్నబడిపోతుంది. డాక్టర్లు మగ పిల్లికి వాడే కాథెటర్ సైజు చూస్తేనే అర్థమవుతుంది. సాధారణంగా వాడేది 3.5 ఫ్రెంచ్ సైజు.. అంటే మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ మందం, అంతే. అంత సన్నటి దారిలో ఇసుక రేణువంత రాయి ఇరుక్కున్నా చాలు, మొత్తం బంద్!

ఈ ప్రాంతంలో గొర్రెలు, మేకలు కాసేవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. దాణా ఎక్కువ పెట్టి మేపిన పొట్టేళ్లు, మేకపోతులు ఒక్కోసారి మూత్రం రాక పొట్ట ఉబ్బి కింద పడిపోతుంటాయి. వాటిలోనూ మగవాటికే ఈ బాధ ఎక్కువ. కారణం కూడా అదే.. దారి సన్నం, చివర ఇంకా సన్నం. పిల్లి విషయంలో జరిగేదీ దాదాపు ఇదే.

అడ్డుపడేది రాయి ఒక్కటే కాదు

మూత్రం ఆగిందంటే ‘రాళ్లు’ అని అందరూ అనేస్తారు. కానీ పిల్లిలో కారణాలు వేర్వేరుగా ఉంటాయి.

మొదటిది ‘ప్లగ్’. మూత్రాశయం లోపలి పొర వాచినప్పుడు వచ్చే జిగురు, చనిపోయిన కణాలు, సన్నటి స్ఫటికాలు అన్నీ కలిసి పేస్టులా గడ్డకట్టి గొట్టానికి బిరడాలా పడతాయి.

రెండోది నిజమైన రాయి. పిల్లుల్లో ప్రధానంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి స్ట్రువైట్.. అంటే మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి కట్టే రాయి. రెండోది కాల్షియం ఆక్సలేట్. ఈ తేడా చాలా ముఖ్యం. మూత్రాశయంలో ఉన్న స్ట్రువైట్ రాయిని డాక్టర్ రాసే ప్రత్యేక ఆహారంతో కొన్ని వారాల్లో కరిగించొచ్చు. కాల్షియం ఆక్సలేట్ రాయి ఏ ఆహారానికీ కరగదు. దాన్ని బయటికి తీయాల్సిందే.

మూడోది.. రాయీ ఉండదు, ప్లగ్గూ ఉండదు. మూత్రాశయం వాచి, నొప్పికి గొట్టంలోని కండరాలు బిగుసుకుపోయి మూత్రం ఆగిపోతుంది. స్పష్టమైన కారణం దొరకని ఈ వాపు వెనక ఒత్తిడి పెద్ద పాత్ర పోషిస్తుందని అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పశువైద్యుడు టోనీ బఫింగ్టన్ బృందం ఏళ్ల తరబడి చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం, ఇంట్లో పెళ్లి సందడి.. మనకు చిన్న విషయాలే, పిల్లికి కావు.

రాళ్ల మీద ప్రపంచంలో పేరున్న కేంద్రం అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఉంది. డాక్టర్ కార్ల్ ఆస్బోర్న్ 1981లో దాన్ని ప్రారంభించారు. జంతువుల నుంచి తీసిన రాళ్లను అక్కడ పరీక్షించి అది ఏ రకమో చెబుతారు. మొదట్లో పిల్లుల రాళ్లలో స్ట్రువైట్‌దే పైచేయి. స్ట్రువైట్ రాకుండా పెట్ ఫుడ్‌లో మార్పులు చేశాక, ఆ తర్వాతి ఏళ్లలో కాల్షియం ఆక్సలేట్ రాళ్లు బాగా పెరిగాయి. అందుకే తీసిన రాయిని పారేయకుండా పరీక్షకు పంపించమని డాక్టర్లు చెబుతారు. రకం తెలిస్తేనే తర్వాత ఏం పెట్టాలో తెలుస్తుంది.

ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే లేవండి

పదే పదే ట్రేలోకి వెళ్లి ముక్కడం, ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావడం లేదా అసలు రాకపోవడం, మూత్రంలో రక్తం, ముక్కేటప్పుడు అరవడం, మూత్రం వచ్చే చోట అదే పనిగా నాక్కోవడం, ట్రే వదిలేసి బాత్‌రూమ్‌లోనో నేల మీదో కూర్చోవడం.. ఇవి మొదటి సంకేతాలు.

తిండి మానేయడం, వాంతులు, చీకట్లో దాక్కోవడం, ఎత్తుకోబోతే పొట్ట ముట్టుకోనివ్వకపోవడం.. ఇవి కనిపిస్తే పరిస్థితి ముదిరినట్టే.

మలబద్ధకమా, మూత్రం సమస్యా అని ఎలా తెలుస్తుంది? ఇసుక చూడండి. పిల్లి మూత్రం పోస్తే ఇసుక ఉండకడుతుంది. చివరిసారి తడి ఉండ ఎప్పుడు కనిపించింది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే అది మూత్రం సమస్యే అనుకుని కదలడం మంచిది. మలబద్ధకం ఒక రోజు ఆగొచ్చు. ఇది ఆగదు.

గంట గంటకూ లోపల ఏమవుతుంది?

మూత్రం బయటికి పోకపోతే ఆ ఒత్తిడి వెనక్కి, కిడ్నీల మీదికి తన్నుతుంది. అవి పని ఆపేస్తాయి. బయటికి పోవాల్సిన యూరియా, క్రియాటినిన్ రక్తంలో పేరుకుంటాయి. వీటన్నిటికంటే ప్రమాదకరమైంది పొటాషియం. రక్తంలో అది పెరిగేకొద్దీ గుండె నెమ్మదిస్తుంది, లయ తప్పుతుంది, చివరికి ఆగిపోతుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే పిల్లి ఈ ప్రమాదకర స్థితికి చేరుకుంటుంది. చికిత్స అందకపోతే ఆపై బతికే అవకాశం చాలా తక్కువ.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

చాలామంది ‘పైపు వేసి మూత్రం తీసేస్తే అయిపోతుంది కదా’ అనుకుంటారు. కానీ డాక్టర్ ముందు చూసేది గుండెను. రక్త పరీక్ష, వీలుంటే ఈసీజీ చేస్తారు. సెలైన్ ఎక్కిస్తారు. పొటాషియం ఎక్కువగా ఉంటే గుండెను కాపాడటానికి కాల్షియం గ్లూకోనేట్, పొటాషియాన్ని తగ్గించడానికి ఇన్సులిన్, డెక్స్‌ట్రోజ్ ఇస్తారు. నొప్పి తగ్గించే మందు, మత్తు ఇచ్చాకే కాథెటర్ పెడతారు. దాని గుండా సెలైన్‌ను నెమ్మదిగా పంపిస్తూ అడ్డును వెనక్కి, మూత్రాశయంలోకి నెడతారు.

కాథెటర్‌ను సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు అలాగే ఉంచుతారు. అడ్డు తీసేశాక పిల్లి ఒక్కసారిగా విపరీతంగా మూత్రం పోస్తుంది. అప్పుడు సరిపడా సెలైన్ ఇవ్వకపోతే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. అందుకే ‘మూత్రం వచ్చేసింది కదా, ఇంటికి తీసుకెళ్తాం’ అని తొందరపెట్టొద్దు. ఎక్స్‌రే, స్కానింగ్‌లో రాళ్లు కనిపిస్తే వాటి రకాన్ని బట్టి ఆహారమా, ఆపరేషనా అన్నది నిర్ణయిస్తారు.

మళ్లీ మళ్లీ అడ్డుపడే పిల్లులకు ఇంకో ఆపరేషన్ ఉంది. సన్నగా ఉన్న చివరి భాగాన్ని తీసేసి, వెనక వెడల్పుగా ఉన్న చోట కొత్త దారి పెడతారు. దీంతో అడ్డుపడే ముప్పు బాగా తగ్గుతుంది. కానీ ఇన్‌ఫెక్షన్లు వచ్చే అవకాశం ఉంటుంది కాబట్టి ఇది చివరి అస్త్రమే.

ఇంట్లో ఈ తప్పులు అస్సలు చేయొద్దు

పారాసెటమాల్: మనకు మామూలు మాత్ర. పిల్లికి విషం! దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి లివర్‌కి సరిగా ఉండదు. రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వెళ్తుంది. అర మాత్ర కూడా ప్రాణం తీయొచ్చు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇవ్వకూడదు.

మనుషులకు వాడే రాళ్ల సిరప్‌లు: మూత్రంలో మంట, రాళ్లు అనగానే మెడికల్ షాపులో ఇచ్చే చాలా సిరప్‌లు మూత్రంలో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. పిల్లిలో స్ట్రువైట్ రాయి పెరిగేది సరిగ్గా అలాంటి మూత్రంలోనే. అంటే మందు అనుకుని రాయికి మేత వేసినట్టు!

కొండపిండి ఆకు, ఉలవల కషాయం, బార్లీ నీళ్లు: మనుషుల రాళ్లకు ఇవి వాడే అలవాటు మన ఇళ్లలో ఉంది. కానీ దారి మూసుకుపోయిన పిల్లికి ఎంత తాగిస్తే మూత్రాశయం అంత ఉబ్బుతుంది. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకీ వెళ్లొచ్చు.

పొట్ట నొక్కడం: ఉబ్బి ఉన్న మూత్రాశయం పగిలిపోవచ్చు. చేతులు వెనక్కి పెట్టుకోండి.

కొత్తచెరువు నుంచి ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలకు ఫోన్ చేయండి. అక్కడ ప్రధానంగా ఆవులు, గేదెలు, జీవాలకు చికిత్స జరుగుతుంది కాబట్టి పిల్లికి సరిపోయే సన్నటి కాథెటర్ అన్ని చోట్లా ఉండకపోవచ్చు. అయినా వెళ్లడం వృథా కాదు. సెలైన్ పెట్టడం, అవసరమైతే సూదితో మూత్రాశయం ఖాళీ చేసి కొన్ని గంటల టైమ్ సంపాదించడం పశువైద్యుడు చేయగలరు. దూర ప్రయాణానికి ముందు ఇదే పెద్ద సాయం.

ఏపీలో సంచార పశు అంబులెన్స్ సేవలు 2022 మే నెలలో 175 వాహనాలతో మొదలయ్యాయి. వీటి టోల్‌ఫ్రీ నంబర్ 1962. ఇవి ముఖ్యంగా పాడిపశువులు, జీవాల కోసం ఏర్పాటైనవి. పిల్లికి ఏ సాయం అందుతుందో ఫోన్‌లోనే అడిగి తెలుసుకోండి.

పెద్ద ఆసుపత్రి కావాలంటే కొత్తచెరువువాళ్లకు అందుబాటులో ఉండేది బెంగళూరు. పెనుకొండ దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కితే కొడికొండ చెక్‌పోస్ట్, బాగేపల్లి, చిక్కబళ్లాపూర్ మీదుగా నేరుగా హెబ్బాళ. మొత్తం సుమారు 150 కిలోమీటర్లు. బెంగళూరు వెటర్నరీ కాలేజీ ఉన్నది ఆ హెబ్బాళలోనే. మన రాష్ట్రంలో తిరుపతి, ప్రొద్దుటూరుల్లో వెటర్నరీ కాలేజీలు ఉన్నాయి.

బయల్దేరే ముందు ఫోన్‌లో మూడే ప్రశ్నలు అడగండి. ‘మగ పిల్లికి మూత్రం బ్లాక్ అయింది, కాథెటర్ వేస్తారా? ఇప్పుడు డాక్టర్ ఉన్నారా? రాత్రి అడ్మిట్ చేసుకుంటారా?’ ఈ మూడింటికీ ‘అవును’ అన్న చోటికే బండి తిప్పండి. మూడు గంటలు ప్రయాణం చేసి తాళం వేసిన గేటు ముందు నిలబడితే పోయేది టైమ్ కాదు, ప్రాణం. పిల్లిని గాలి ఆడే బాస్కెట్‌లోనో, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలోనో ఉంచి తీసుకెళ్లండి. చివరిసారి మూత్రం పోసింది ఎప్పుడు, ఏ మందులు ఇచ్చారు అన్నది దాచకుండా చెప్పండి.

మళ్లీ రాకుండా ఏం చేయాలి?

ఒకసారి అడ్డుపడిన పిల్లికి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువే. దీనికి మొదటి మందు నీళ్లు. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. నీళ్లు తక్కువ తాగి, మూత్రాన్ని చిక్కగా చేసుకుని బతకడం వాటి తీరు. వేటాడిన ఎలుకలోనే దాదాపు 70 శాతం నీరు ఉంటుంది. పొడి ప్యాకెట్ ఫుడ్‌లో ఉండేది 10 శాతం లోపే. రోజూ అదే తినే పిల్లి ఎంత తాగినా ఆ లోటు పూడటం కష్టం. అందుకే తడి ఆహారం, ఉప్పూ కారం ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించిన చికెన్ నీళ్లు, ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టాలి. డాక్టర్ ప్రత్యేక ఆహారం రాసి ఉంటే మాత్రం అడగకుండా వేరేది కలపొద్దు.

ట్రేలు పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. ట్రే రోజూ శుభ్రం చేయాలి. లావెక్కకుండా రోజూ కాసేపు ఆడించాలి. పటాకుల మోత, కొత్త మనుషుల సందడి ఉన్న రోజుల్లో దానికో ప్రశాంతమైన గది ఇవ్వాలి. ‘బోరు నీళ్ల వల్లే రాళ్లు’ అని చాలామంది అంటారు కానీ, పిల్లి విషయంలో తప్పంతా నీళ్ల మీదికి నెట్టలేం. తిండి, తాగే నీటి పరిమాణం, మూత్రం చిక్కదనం, ఒత్తిడి.. అన్నీ కలిస్తేనే సమస్య.

ఒక్క అలవాటు చేసుకుంటే చాలు. ఇసుక తీసేటప్పుడు తడి ఉండలు ఎన్ని ఉన్నాయో రోజూ లెక్కపెట్టండి. ఆ లెక్క తగ్గిన రోజు అప్రమత్తం కావాలి. సున్నా అయిన రోజు మాత్రం ఇంకేం ఆలోచించకుండా బాస్కెట్ తీసి బయల్దేరాలి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్స విషయంలో పశువైద్యుల సలహానే పాటించండి.