అడిలైడ్‌లో ఎనిమిది రోజులు ఏం చేశావ్?

ఆస్ట్రేలియా మొత్తాన్ని రోడ్డు మీద ఒక చుట్టు చుట్టి రావడం అక్కడ చాలామందికి పెద్ద కల. దాన్ని వాళ్లు ‘బిగ్ ల్యాప్’ అంటారు. దేశం అంచు పట్టుకుని తిరిగే హైవే 1 పొడవు దాదాపు 14,500 కిలోమీటర్లు. పెర్త్‌లో ఉండే మా బాబాయి, పిన్ని ఈ ట్రిప్ మొదలుపెట్టినప్పుడు, సెమిస్టర్ సెలవుల్లో నేను అడిలైడ్ దాకా వాళ్లతో వెళ్లాను. అడిలైడ్‌లోనే ఎనిమిది రోజులు ఆగాం. వచ్చాక ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే ప్రశ్న: “సిడ్నీ చూడలేదు, గ్రేట్ బ్యారియర్ రీఫ్ చూడలేదు. అక్కడ అన్ని రోజులు ఏం చేశావ్ రా?” అందుకే ఇది రాస్తున్నా.

ముందు అసలు ఎందుకు ఆగాలో చెప్తాను. పెర్త్ నుంచి అడిలైడ్‌కి సుమారు 2,700 కిలోమీటర్లు. మధ్యలో నల్లార్‌బర్ మైదానం. లాటిన్‌లో ఆ పేరుకి చెట్టు లేనిది అని అర్థం. ఆ దారిలో ఒకచోట రోడ్డు 146.6 కిలోమీటర్లు ఒక్క వంపు కూడా లేకుండా సూటిగా పోతుంది. స్టీరింగ్ తిప్పే పనే లేకపోతే హాయి అనుకుంటాం కానీ, నిద్ర ముంచుకొచ్చేది అక్కడే. ప్రతి రెండు గంటలకి ఒకసారి బండి ఆపి దిగమని అక్కడ డ్రైవర్లకి చెప్పేది అందుకే.

గడియారం గోల ఇంకొకటి. పెర్త్ కంటే అడిలైడ్ గంటన్నర ముందు. మధ్యలో వచ్చే యూక్లా అనే చిన్న ఊరు పెర్త్ కంటే 45 నిమిషాలు ముందు నడుస్తుంది! టైమ్‌జోన్ తేడాలు గంటల లెక్కనే ఉంటాయని కోడ్ రాసేవాళ్లని ఒకసారి అక్కడికి పంపాలి. సెడూనా దగ్గర చెక్‌పోస్టులో పళ్లు, కూరగాయలు అన్నీ ఇచ్చేయాలి. పురుగులు, తెగుళ్లు ఆ రాష్ట్రంలోకి రాకుండా ఈ ఏర్పాటు. కాబట్టి అడిలైడ్ చేరేసరికి మా దగ్గర మిగిలింది పప్పు, బియ్యం, మాసిన బట్టల మూట. “బండికి కాదు, ముందు మనకి సర్వీసింగ్ చేయించాలి” అంది పిన్ని.

ఇలా ఆగడానికి అడిలైడ్ బాగా కుదురుతుంది. దానికి కారణం ఆ ఊరి ప్లాన్. దాన్ని గీసింది కల్నల్ విలియం లైట్. 1837లో నగరం సర్వే చేసి, గళ్ల నోటుబుక్కులాగా వీధులు వేసి, మధ్యలో స్క్వేర్‌లు పెట్టి, చుట్టూ పచ్చటి పార్కు భూములు వదిలాడు. ఉత్తరాన నార్త్ టెర్రస్, దక్షిణాన సౌత్ టెర్రస్, అలాగే తూర్పు, పడమర. మ్యాప్ లేకపోయినా తప్పిపోవడం కష్టం. ఊళ్లో ట్రామ్ ఫ్రీ. నార్త్ టెర్రస్ మీదున్న మ్యూజియం, ఆర్ట్ గ్యాలరీ, బొటానిక్ గార్డెన్ కూడా ఫ్రీయే. స్టూడెంట్ జేబుకి ఇంతకంటే ఏం కావాలి? లైట్ గురించి ఇంకో విషయం నాకు నచ్చింది. పల్లె భూముల సర్వేని హడావుడి పద్ధతిలో ముగించమని పైనుంచి ఒత్తిడి వస్తే, ఒప్పుకోక 1838లో రాజీనామా చేశాడు. మరుసటి ఏడాదే క్షయతో పోయాడు. ఆయన సమాధి లైట్ స్క్వేర్‌లోనే ఉంది.

మా రోజులు ఇలా గడిచేవి. పొద్దున లాండ్రీ. తర్వాత సెంట్రల్ మార్కెట్. అది 1869 నుంచి ఉంది. అక్కడ కొత్తిమీర కనిపించగానే పిన్ని మొహం వెలిగిపోయింది. మధ్యాహ్నం బాబాయి కునుకు తీసేవాడు, నేను నడిచేవాణ్ణి. మూడో రోజుకి చూడాల్సినవన్నీ అయిపోయాయి. నాలుగో రోజు నుంచి బోర్డులు చదవడం మొదలుపెట్టాను.

అక్కడ స్క్వేర్‌లకీ పార్కులకీ రెండేసి పేర్లున్నాయి. విక్టోరియా స్క్వేర్ అన్న పేరుతో పాటు తార్న్‌తన్యంగ అని. టారెన్స్ నదికి కరవిర్రా పారి అని. ఇవి ఆ నేల అసలు మనుషులైన గార్నా జాతి భాషలోని పేర్లు (స్పెల్లింగ్ చూసి కౌర్నా అనకండి, పలికేది గార్నా అనే). విట్‌మోర్ స్క్వేర్ రెండో పేరు ఇపరిట్యి. ఆమె గార్నా ధారాళంగా మాట్లాడగలిగిన చివరి మనిషి అంటారు. 1929లో చనిపోయింది.

తర్వాత దాని గురించి చదివాను. ఇద్దరు జర్మన్ మిషనరీలు, టైకెల్‌మాన్, షూర్‌మాన్, ఆ నది ఒడ్డున గార్నా భాషలోనే బడి నడిపారు. 1840లో ఆ భాష వ్యాకరణం, పదకోశం అచ్చువేశారు. 1845లో ప్రభుత్వం ఆ బడి మూసేసి, పిల్లల్ని ఇంగ్లీషులోనే చదువు చెప్పే బడికి మార్చింది. ఆ తర్వాత ఒకటి రెండు తరాల్లోనే భాష ఇళ్లలోంచి కూడా పోయింది. మళ్లీ 1990ల నుంచి గార్నా కుటుంబాలూ భాషావేత్తలూ కలిసి దాన్ని తిరిగి నేర్చుకుంటున్నారు. ప్రధాన ఆధారం ఆ పాత పుస్తకమే.

కోట్లమంది మాట్లాడే తెలుగుని దానితో పోల్చడం సరికాదు, తెలుసు. వాళ్లు పోగొట్టుకున్నది భాష ఒక్కటే కాదు, నేల కూడా. కానీ ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి, తెలుగు పేపర్లో ఒక పేజీ చదవడానికి పది నిమిషాలు తీసుకునే నాకు ఆ 1845 అనే అంకె గుచ్చుకుంది. ఒక భాష పోవడానికి యుద్ధమే రానక్కర్లేదు, బడి మారినా చాలు. తిరిగి రావాలంటే మాత్రం ఎవరో ఎప్పుడో రాసిపెట్టి ఉండాలి. మన క్లబ్బు మ్యాగజైన్ ఎవరు చదువుతారులే అనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

రెండు రోజుల్లో అడిలైడ్ ‘కవర్’ చేసి ఉంటే నా ఫోన్లో ఇవే ఫొటోలు ఉండేవి. ఇపరిట్యి పేరు మాత్రం తెలిసేది కాదు. మీరెవరైనా అటు వెళ్తే కనీసం నాలుగు రోజులు పెట్టుకోండి. జూన్, జూలై అయితే అక్కడ చలికాలం, వానలు కూడా అప్పుడే, గొడుగు మర్చిపోకండి. ట్రామ్ దిగి నడుస్తున్నప్పుడు బోర్డు మీద రెండో పేరు కూడా ఒకసారి పైకి చదవండి.